గనుల నుండి గడపల దాకా

ఓరుగంటిలో కొత్తవాడ పేరు చెప్పగానే ఎవరికైనను జంపఖానాలు, షతరంజీలు జ్ఞప్తికి వచ్చును. 1851లో లండను నగరమున జరిగిన మహాప్రదర్శనకు ఓరుగంటి తివాచీలు వెళ్లినవి. 2018లో వరంగల్లు జంపఖానాలకు భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ నేతపనిని గూర్చి పెద్దలు ఎందరో చెప్పియున్నారు. ఈనాటి ప్రస్తావన మగ్గము మీద జరుగు పనిని గూర్చి కాదు. మగ్గము క్రిందనున్న నేలను గూర్చి.

ఓరుగల్లు అను పేరులోనే రాయి యున్నది. సంస్కృతమున ఏకశిలానగరము అన్నను అదే అర్థము. కోటలోని ఆ ఒంటి గుండు మొదలు హనుమకొండ పద్మాక్షి గుట్ట వరకు ఈ సీమలో ఎటు చూచినను రాయి నేలను చీల్చుకొని పైకి వచ్చినట్లుండును. మన తెలంగాణపు గ్రానైటు రాయి చాలవరకు 250 కోట్ల ఏండ్ల నాటిది. ఇట్టి రాతిని ఒక టన్ను తీసికొని శోధించినచో సాధారణముగా అందులో మూడు నుండి అయిదు గ్రాముల యురేనియము ఉండును. ఇది గని త్రవ్వుటకు చాలదు. కాని ఇండ్లలో నివసించువారు తెలిసికొనవలసిన విషయమునకు చాలును.

యురేనియము తనంతట తాను విచ్ఛిన్నమగుచుండును. ఆ విచ్ఛిన్నము ఎంత మెల్లగా జరుగుననగా, ఉన్నదానిలో సగము తరుగుటకు సుమారు 450 కోట్ల ఏండ్లు పట్టును. అది ఒకదాని తరువాత ఒకటిగా రూపములు మార్చుకొని రేడియమగును. రేడియము రేడాన్ అగును. ఈ వంశమున తాతలు, తండ్రులు, మనుమలు అందరును ఘనపదార్థములే. నడుమ పుట్టిన రేడాన్ ఒక్కటే వాయువు. కనుకనే అది రాతి పగుళ్ల గుండ, మట్టి సందుల గుండ, గచ్చు నెర్రెల గుండ ఇంటిలోనికి రాగలుగుచున్నది. దానికి రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. దేనితోను కలియని జడవాయువు. దాని ఆయుర్దాయము కూడ స్వల్పమే. నాలుగు దినములు నిండకుండనే సగము నశించును. నశించినప్పుడు పుట్టు పొలోనియము మొదలగు అణువులు ధూళికణములకు అంటుకొని ఊపిరితో లోనికి పోవును. అవి వెలువరించు ఆల్ఫా కణములను ఒక కాగితము ఆపగలదు, మన చర్మము ఆపగలదు. ఊపిరితిత్తుల లోపలి పొరకు మాత్రము అట్టి కాపుదల లేదు.

ఈ సంగతిని లోకము తెలిసికొనుటకు నాలుగు వందల ఏండ్లు పట్టినది. ఆ కథ మన దేశమున మొదలు కాలేదు. సాక్సనీ, బొహీమియా దేశముల సరిహద్దు కొండలలో ష్నీబెర్గ్ అనియు, యోఆకిమ్‌స్టాల్ అనియు రెండు గనుల పట్టణములు కలవు. అక్కడ వెండి కొరకు గనులు త్రవ్వుచుండిరి. యోఆకిమ్‌స్టాల్‌లో వైద్యుడుగా పనిచేసిన అగ్రికోలా అను పండితుడు గనుల విద్యను గూర్చి వ్రాసిన మహాగ్రంథము 1556లో, అతడు గతించిన మరుసటి యేట, అచ్చయినది. గనిపనివారి రొమ్ము రోగమును అతడందులో వర్ణించెను. కార్పేతియను కొండల గనులలో ఏడుగురు భర్తలను వరుసగా పోగొట్టుకొన్న స్త్రీలు కలరని కూడ వ్రాసెను. అతడు దోషమును దుమ్ము మీద మోపెను. విశేషమేమనగా, గనిలోనికి మంచి గాలిని కొట్టు తిత్తుల యంత్రములను బొమ్మలతో సహా వివరించినవాడు కూడ అతడే. కారణము తెలియకున్నను మందు తెలిసినదనవలెను.

తరువాత మూడు వందల ఏండ్లు ఆ రోగము ‘కొండ జబ్బు’గానే మిగిలిపోయినది. 1879లో హార్టింగ్, హెస్సె అను ఇద్దరు వైద్యులు ష్నీబెర్గ్ గనిపనివారి శవములను పరీక్షించి అది ఊపిరితిత్తుల రాచపుండు, అనగా క్యాన్సరు, అని తేల్చిరి. ఆ గనులలో పనిచేసి మరణించినవారిలో ముప్పాతిక వంతు ఆ రోగముననే మరణించుచుండిరట. అప్పటికి యురేనియమును క్లాప్రోత్ కనుగొని తొంబదేండ్లయినది. కాని దానికి కిరణములను వెలువరించు శక్తి కలదని ఎవరును ఎరుగరు. 1898లో క్యూరీ దంపతులు రేడియమును కనుగొన్నారు. వారు వాడిన ఖనిజము ఆ యోఆకిమ్‌స్టాల్ నుండి వచ్చినదే. 1899లో రూథర్‌ఫర్డు, ఓవెన్సు థోరియము నుండి ఒక వాయువు వెలువడుటను గమనించిరి. 1900లో జర్మనీ దేశస్థుడు డార్న్ రేడియము నుండి వెలువడు వాయువును చూచెను. ఆ రెండవదే నేటి రేడాన్. ఈ వాయువునకును గనిపనివారి రోగమునకును సంబంధము కలదేమో అని 1920 తరువాత గాని వైద్యులు గట్టిగా ఆలోచింపలేదు.

ఈ మధ్యకాలమున జరిగిన వింత ఒకటి చెప్పక తప్పదు. గనిలో మనుష్యులను చంపుచున్న ఆ వాయువునే అమెరికాలోని ధనికులు బలవర్ధకమని సొమ్ము పెట్టి కొన్నారు. రేడియము గల ఖనిజముతో పూత పూసిన కూజాలు వచ్చినవి. రాత్రి నీరు పోసి యుంచినచో తెల్లవారునప్పటికి అందులో రేడాన్ చేరును. దానిని గ్లాసుల కొలది త్రాగవలెనని ప్రకటనలు. రేడియము కలిపిన నీటిని సీసాల కొలది త్రాగిన ఈబెన్ బయర్స్ అను శ్రీమంతుడు దవడ ఎముక శిథిలమై 1932లో మరణించిన పిదప గాని ఆ వ్యామోహము సద్దుమణగలేదు.

రెండవ ప్రపంచయుద్ధము తరువాత యురేనియము కొరకు దేశములు పోటీపడినవి. అమెరికాలోని కొలరాడో పీఠభూమిలో నవాహో జాతివారు గాలి ఆడని గనులలో దిగి పనిచేసిరి. ఐరోపా గనుల అనుభవము అప్పటికే గ్రంథములలో ఉన్నది. అయినను ఆ కూలీలకు చెప్పినవారు లేరు. ఊపిరితిత్తులకు హాని చేయునది రేడాన్ కంటె దాని నుండి పుట్టు పిల్లపదార్థములని 1951లో బేల్ అను శాస్త్రజ్ఞుడు లెక్క కట్టి చూపెను. ఆ గనిపనివారికిని, వారి విధవలకును పరిహారమిచ్చు శాసనము 1990లో వచ్చినది. తెలిసిన విషయము తెలియవలసినవారికి చేరకుండుట శాస్త్రచరిత్రలో అరుదు కాదు గాని, ఇంత ఖరీదైన ఆలస్యము మరియొకటి నాకు తోచదు.

ఇంతవరకు ఇది గనుల కథ. ఇండ్ల కథకు తొలి పుట స్వీడను దేశమున 1956లో వ్రాయబడినది. హుల్ట్‌క్విస్టు అను యువశాస్త్రజ్ఞుడు కొన్ని వందల ఇండ్లలో గాలిని పరీక్షించి, యురేనియము గల పలకరాతితో చేసిన ఇటుకల ఇండ్లలో రేడాన్ హెచ్చుగా నున్నదని చూపెను. చలిదేశములో తలుపులు బిగించుకొని కూర్చుండు ఇండ్లవి. ఆ మాటను చాల కాలము ఎవరును పట్టించుకొనలేదు.

పట్టించుకొనునట్లు చేసినది 1984 డిసెంబరులో పెన్సిల్వేనియా రాష్ట్రమున జరిగిన ఒక సంఘటన. స్టాన్లీ వాట్రస్ అను ఇంజనీరు అక్కడ కొత్తగా కట్టుచున్న అణువిద్యుత్ కేంద్రములో పనిచేయుచుండెను. బయటకు వెళ్లు ద్వారము కడ శరీరమునకు అంటిన కిరణధూళిని పట్టు యంత్రములుండును. అతడు వచ్చినప్పుడెల్ల అవి మ్రోగుచుండెను. కాని ఆ కేంద్రము ఇంకను విద్యుత్తును ఉత్పత్తి చేయుటయే ఆరంభింపలేదు! ఒకనాడు అతడు పనిలోనికి పోకుండ, ఉదయము వచ్చిన వెంటనే ఆ ద్వారము గుండ నడచెను. యంత్రము మ్రోగెను. ధూళి కేంద్రము నుండి అంటినది కాదు. ఇంటి నుండి మోసికొని వచ్చినది. ఇల్లు పరీక్షింపగా ఘనపు మీటరు గాలిలో సుమారు లక్ష బెక్వెరెలుల రేడాన్ ఉన్నట్లు తేలినది. బెక్వెరెలు అనగా సెకండునకు ఒక అణువు విచ్ఛిన్నమగుట. ప్రపంచమున ఇండ్లలోని సగటు ఆ కొలతలో 40 మాత్రమే. ఆ కుటుంబము ఇల్లు విడిచి వెళ్లినది. నేలకు మరమ్మతులు చేసిన పిదప 1985లో తిరిగి వచ్చినది. ఈ కథలో నాకు అన్నిటికంటె ముఖ్యముగా తోచునది వేరొకటి. ఆ చెంతనే ఉన్న పొరుగింటిలో రేడాన్ స్వల్పము. నేల ఒక్కటే, వీధి ఒక్కటే. ఒక ఇంటి లెక్క మరియొక ఇంటికి పనికిరాదు.

1986లో న్యూజెర్సీలోని క్లింటన్ అను చిన్న ఊరిలో ఇంటింటను పరీక్షలు జరిపి, హెచ్చుగా నున్న ఇండ్లను ఒక్కొక్కటిగా బాగుచేసిరి. ఆ న్యూజెర్సీలో నేడు వేలాది తెలుగు కుటుంబములు కలవు. అక్కడ ఇల్లు కొనునప్పుడు పునాదిని, కప్పును, నీటిగొట్టములను చూపించుకొనునట్లే రేడాన్ పరీక్ష కూడ చేయించుట పరిపాటి. నేలమాళిగలో ఒక చిన్న డబ్బీ పెట్టి, నియమిత కాలము తరువాత తీసి, పరీక్షశాలకు పంపుదురు. 150 బెక్వెరెలుల దాపున గాని, అంతకు మించి గాని తేలినచో ఇల్లు అమ్మువారే గొట్టము, పంఖా పెట్టించి ఇచ్చుట కలదు. తెలుగుదేశము నుండి వెళ్లిన మన బిడ్డలు అక్కడ ఈ మాటను నిత్యవ్యవహారముగా వాడుచుండగా, ఇక్కడ వారి తల్లిదండ్రులలో చాలమంది దానిని విని కూడ ఉండరు.

ఇందులో మన రాయికి కూడ ఒక పాత్ర కలదు. కరీంనగరము క్వారీలలో తీయు గోధుమవన్నె గ్రానైటు ‘టాన్ బ్రౌన్’ అను వ్యాపారనామముతో విదేశములకు పోవుచున్నది. అమెరికాలో వంటింటి బల్లలకు గ్రానైటు పలకలు వేయుట పెద్ద వాడుక. 2008లో ఆ పలకల నుండి రేడాన్ వచ్చునని పత్రికలలో గొప్ప అలజడి లేచినది. శోధించి చూడగా సామాన్యముగా పలకల నుండి వచ్చునది అత్యల్పమనియు, ఇంటిలోని రేడాన్‌లో అధికభాగము క్రింది నేల నుండియే వచ్చుచున్నదనియు స్పష్టమైనది. కనుక మెరుగు పెట్టిన రాతిగచ్చు వేయించుకొన్నవారు దానిని పెకలించుకొనవలసిన పని లేదు. చూడవలసినది గచ్చు అంచులలోని సందులను.

తెలుగుదేశమున ఈ కొలతల చరిత్ర యురేనియమును వెదకిన చరిత్రతో పెనవేసికొన్నది. అణుఖనిజముల అన్వేషణ శాఖకు ప్రధాన కార్యాలయము హైదరాబాదులోనే ఉన్నది. నల్లగొండ జిల్లాలో, నాగార్జునసాగరు జలాశయమునకు చేరువ, లంబాపురము, పెద్దగట్టు అను చిన్న గ్రామముల కడ పురాతనపు గ్రానైటు మీద కడప శ్రేణి రాయి వచ్చి కూర్చున్న సంధిలో యురేనియమును ఆ శాఖవారు కనుగొన్నారు. గని త్రవ్వు ప్రతిపాదన మీద 2003 ఆగస్టులో ప్రజాభిప్రాయ సేకరణ జరిగినది. తండాలవారు, రైతులు, హైదరాబాదు త్రాగునీటిని గూర్చి భయపడినవారు గట్టిగా ఎదిరించిరి. గని రాలేదు. కడప జిల్లా తుమ్మలపల్లెలో మాత్రము 2012 నుండి గని, శుద్ధి కర్మాగారము పనిచేయుట ఆరంభించినవి. 2019 సెప్టెంబరులో నల్లమలలో యురేనియము త్రవ్వరాదని తెలంగాణ శాసనసభ తీర్మానించినది.

ఈ వాదోపవాదముల నడుమ ఉస్మానియా విశ్వవిద్యాలయపు భౌతికశాస్త్రజ్ఞులు చడి చప్పుడు లేకుండ ఒక పని చేసిరి. లంబాపురము, పెద్దగట్టు ప్రాంతపు ఇండ్లలోను, హైదరాబాదు ఇండ్లలోను చిన్న కొలతపాత్రలు వ్రేలాడదీసి రేడాన్‌ను, దాని జంటయైన థోరాన్‌ను కొలిచిరి. గోదావరిఖని బొగ్గుగనుల గాలిని కూడ పరీక్షించిరి. గని త్రవ్వకమునకు పూర్వము ఆ నేల స్వభావమేమో నమోదు చేసియుంచుట ఎంతయో అవసరము. త్రవ్విన తరువాత కొలిచినచో ఏది ప్రకృతి దోషము, ఏది మనుష్యుని దోషము అని తేల్చుట కష్టము.

ఆ కొలతపాత్ర సంగతి కొంచెము వివరముగా చెప్పవలెను. ఏలనన అది సామాన్యుని ఇంటికి తగిన పరికరము. బొంబాయిలోని భాభా అణుపరిశోధన కేంద్రమువారు రూపొందించిన ఈ పాత్ర ఒక ప్లాస్టిక్ గొట్టము. నడుమ అడ్డు పెట్టి దానిని రెండు గదులుగా చేసిరి. ఒక గది మూతికి వడపోత కాగితము, రెండవదానికి పలుచని పొర. మొదటి గదిలోనికి రేడాన్, థోరాన్ రెండును పోవును. థోరాన్ సగము కాలము ఒక నిమిషము కంటె తక్కువ. పొరను దాటునంతలో అది నశించును గనుక రెండవ గదిలోనికి చేరునది రేడాన్ మాత్రమే. లోపల ‘ఎల్.ఆర్. 115’ అను ఎర్రని ఫిల్ముముక్క ఉండును. దానిమీద వెలుతురు పడినను ఏమియు కాదు. ఆల్ఫా కణము తాకిన చోట మాత్రము కంటికి అగుపడని గాయమగును. మూడు నెలల తరువాత ఫిల్మును వెచ్చని కాస్టిక్ సోడా ద్రావకములో గంటన్నర ఉంచినచో ఆ గాయములు రంధ్రములుగా పెద్దవగును. వాటిని లెక్కించి ఆ ఇంటి గాలిలోని రేడాన్‌ను గణింతురు. కరెంటు అక్కరలేదు, చప్పుడు లేదు. చేయవలసినదెల్ల పడుకొను గదిలోనో, పని చేయు గదిలోనో, గోడకు తగులకుండ, కిటికీకి, పొయ్యికి దూరముగా దానిని వ్రేలాడదీసి, పిల్లల చేతికి అందకుండ చూచుకొనుటయే.

మూడు నెలలు ఏల అని అడుగవచ్చును. రేడాన్ ప్రమాణము గంట గంటకు మారును. రాత్రి తలుపులు మూసినప్పుడు పెరుగును. ప్రొద్దుట తెరచినప్పుడు తగ్గును. మన దేశమున సాధారణముగా చలికాలమున హెచ్చు, ఎండకాలమున తక్కువ. ఒక్కనాటి కొలత మీద భయపడుటయు తగదు, నిశ్చింతగా నుండుటయు తగదు. సంవత్సరము పొడుగున మూడేసి నెలల కొకటిగా నాలుగు ఫిల్ములు పెట్టుట ఉత్తమము. ఒక్కటే పెట్టగలిగినచో చలికాలమున పెట్టినది ఇంటి హెచ్చు కొలతను చూపును.

వచ్చిన అంకెను ఎట్లు చదువవలెను? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో ఘనపు మీటరునకు 100 బెక్వెరెలులు మేలైన హద్దనియు, వీలుకాని దేశములలో సయితము 300 దాటరాదనియు చెప్పినది. 2005లో ఐరోపా దేశముల పదమూడు పరిశోధనలను కలిపి, ఏడువేలకు పైబడిన రోగుల వివరములు పరిశీలించి, ప్రతి 100 బెక్వెరెలుల పెరుగుదలకు ఊపిరితిత్తుల క్యాన్సరు భయము నూటికి సుమారు 16 వంతున పెరుగునని తేల్చిరి. ఇక్కడ చుట్ట, బీడి త్రాగువారు చెవియొగ్గి వినవలసిన మాట యున్నది. ఒకే రేడాన్ గల ఇంటిలో పొగ త్రాగువానికి కలుగు ప్రమాదము, జన్మలో పొగ త్రాగనివానికి కలుగు ప్రమాదము కంటె సుమారు ఇరువదియైదు రెట్లు. అటులనే, జన్మలో పొగ ముట్టని ఇల్లాలికి ఊపిరితిత్తుల రోగము వచ్చినప్పుడు వైద్యులు ఆమె వంటింటి పొగను గూర్చి అడుగుదురు. ఇంటి నేలను గూర్చి కూడ అడుగు దినములు రావలెను.

ఇక కొత్తవాడకు వత్తము. గుంట మగ్గము ముందు కూర్చున్న నేతగాని కాళ్లు నేలమట్టమునకు దిగువన నుండును. గుంట గోడలు వట్టి మట్టివైనచో నేలలోని వాయువునకు అది తెరచిన కిటికీ వంటిది. ఇల్లే కార్ఖానా అయిన చోట మనిషి పగలును అక్కడనే, రాత్రియు అక్కడనే. రేడాన్ లెక్కలో గాలిలో ఎంత ఉన్నదన్నది ఒక పాలు, ఎన్ని గంటలు పీల్చిరన్నది మరియొక పాలు. ఆఫీసుకు పోయివచ్చు ఉద్యోగి కంటె ఇంటిపట్టున నుండు నేతగానికి, కండెలు చుట్టు అతని భార్యకు ఈ రెండవ పాలు చాల హెచ్చు. పూర్వపు పెంకుటిండ్లలో పెంకుల సందుల నుండి, తలుపుల నుండి గాలి యథేచ్ఛగా రాకపోకలు సాగించెడిది. స్లాబు ఇండ్లు వచ్చినవి. అద్దాల కిటికీలు, కొన్నిచోట్ల శీతలయంత్రములు వచ్చినవి. వేడి తగ్గినది, గాలి ఆగినది. ఇది కొత్తవాడ మీద అభియోగము కాదు. గచ్చు గట్టిగా నుండి గాలి ఆడు ఇంటిలో మగ్గమున్నను రేడాన్ స్వల్పముగా ఉండవచ్చును; మగ్గము లేని బిగింపు గదిలో హెచ్చుగా ఉండవచ్చును. వాట్రస్ పొరుగిల్లు చెప్పినట్లు, ఇంటికి ఇల్లే కొలత.

మన ఊళ్లలో ఈ మాట వినబడినదెల్ల యురేనియము త్రవ్వుదురన్న చోటనే. అక్కడి భయము న్యాయమైనదే. కాని గని రానంత మాత్రమున నేల ఊరకుండదు. గని పేరే వినని వీధిలోను రాయి ఆ రాయియే. పరిశోధకులు ఇంటిలో ఫిల్ము కట్టినప్పుడు ఆ ఇంటి అంకెను పుస్తకమునకే కాక ఇంటి యజమానురాలికి కూడ చెప్పవలెనని, దానిని ఏమి చేయవలెనో తెలుగులో వ్రాసి ఇవ్వవలెనని నా మనవి.

హెచ్చుగా తేలినచో చేయదగినవి దుర్లభములు కావు. గచ్చు నెర్రెలను, గోడకు గచ్చుకు నడుమ సందులను, గొట్టములు దూరిన రంధ్రములను సిమెంటుతో పూడ్చుట మొదటి పని. మగ్గము గుంటకు లోపల నాలుగు వైపుల, అడుగున సిమెంటు పూత వేయించుట రెండవది. ఎదురెదురు కిటికీలు ఉదయము, సాయంకాలము తెరచియుంచుట ఖర్చులేని పని. దూది నుసి కూడ దానితో తగ్గును. ఇంకను తగ్గనిచో గచ్చు క్రింది నుండి కప్పు మీదికి ఒక గొట్టము వేసి చిన్న పంఖాతో ఆ వాయువును బయటకు లాగివేయవచ్చును. అమెరికా ఇండ్లలో చేయునది ఇదియే. కొత్తగా ఇల్లు కట్టువారు గచ్చు క్రింద కంకర పరచి, దానిమీద దళసరి ప్లాస్టిక్ పట్ట వేసి, ఆ కంకరలో నుండి ఒక గొట్టమును గోడ వెంబడి పైకి తీసి మూత పెట్టి ఉంచుకొనవచ్చును. తరువాత కొలిచి చూచినప్పుడు అవసరమైననే పంఖా బిగింతురు. లేనిచో ఆ మూత అట్లే యుండును.